విముక్తికి కొలత

నెల్లూరు సీమలోని బిట్రగుంట ఆవిరియంత్రముల కాలమున పేరుగన్న రైల్వే స్థావరము. మద్రాసునుండి కలకత్తాకు పోవు ఇనుపదారి యీ యూరిమీదుగనే సాగును. తూర్పుతీరమున బర్మా రణరంగమునకు కదలిన దక్షిణాది సైనికులకు ఇదియే రైలుదారి. ఆ బర్మా మనవారికి పరదేశము కాదు, "రంగము". రేవులో బరువులు మోయుచు, బియ్యపుమిల్లులలో పాటుపడుచు వేలకొలది తెలుగువా రచట బ్రదికిరి.

1942 మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు మరలిరి. ఓడలలో చోటు దొరకనివారు అరకాను కనుమలను, అస్సాము సరిహద్దుటడవులను కాలినడకను దాటిరి. ఆకలికిని, విషూచికిని, చలిజ్వరములకును దారిలో బలియైనవారు వేలమంది. ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు పడెను.

పిమ్మట మిత్రరాజ్యముల దండయాత్ర సాగెను. స్లిమ్ సేనాని నడపిన పదునాలుగవ సైన్యములో భారతీయులే అధికులు. ఆంగ్లేయులు, ఆఫ్రికావారు తోడైరి. ఉత్తరమున చీనా, అమెరికా బలగములు పోరాడెను. 1944లో ఇంఫాలు, కోహిమాలయందు జపానుసేన విరిగెను. 1945 మార్చి 27న ఆంగ్‌సాన్ సేనయు జపానుపై తిరుగబడెను. మే 3న మిత్రసేన రంగూను చేరెను. జపానువారు విడిచిపోయిన ఆ నగరమున అంతవరకు భారతీయుల ధనప్రాణములను కాచినది ఆజాద్ హింద్ ఫౌజు. భారతీయుడు ఉభయపక్షములను నెత్తురోడ్చెనని మరువరాదు.

అయిన విముక్తి యెవరికి? జపాను తొలగినంతనే ఆంగ్లపాలనము మరల వచ్చెను. బర్మీయులు స్వాతంత్ర్యము పొందినది 1948 జనవరి 4న. అంతకు ముందే, 1947 జులై 19న, ఆంగ్‌సాన్ హంతకుల పాలయ్యెను. 1971 డిసెంబరు 16న మన సేనయు ముక్తివాహినియు ఢాకాను విడిపించినప్పుడు కథ వేరు: మరుసటి మార్చి 12ననే మన సేన వీడ్కోలు కవాతు జరిపి మరలెను. విడిపించినవాడు ఎన్నడు మరలునన్నదే విముక్తికి మొదటి కొలత.

రెండవ కొలతయు గలదు. 1962లో బర్మాలో సైనికాధికారము నెలకొని, 1964లో అంగళ్లు జాతీయము కాగా, తరములుగా అచట నున్న తెలుగువారనేకులు వట్టిచేతులతో తిరిగివచ్చిరి. విశాఖలోని బర్మాక్యాంపు దానికి నేటికిని సాక్షి. నేలను విడిపించుట సైన్యమునకు సాధ్యమే. ఆ నేలపై నివసించు అల్పసంఖ్యాకుని యిల్లు నిలుపుట ధర్మపాలనమునకే సాధ్యము. ఏ దేశపు విమోచనమును మెచ్చుకొనునప్పుడైనను మన మీ రెండు కొలతలను చేతబట్టవలెను.