ఏప్రన్ కట్టిన నవాబు, ఏళ్ల తరబడి ఆగిన దత్తు

మీకు తెలుసా? ఒకప్పుడు నెల్లూరు సీమను ఏలిన నవాబుగారు నడుముకు ఏప్రన్ కట్టేవారు! వంటకి కాదండోయ్. ఆయన ఫ్రీమేసన్, అంటే దీక్ష తీసుకుని చేరే ఓ సోదర సంఘం సభ్యుడు; ఏప్రన్ వాళ్ల సభల్లో కట్టుకునేది. పేరు ఉమ్దత్ ఉల్ ఉమరా, ఆర్కాటు నవాబు వాలాజా పెద్దకొడుకు. 1775లో ఆ సంఘం తిరుచిరాపల్లి శాఖలో (శాఖను వాళ్లు లాడ్జి అంటారు) దీక్ష తీసుకున్నాడు. మన దేశంలో ఫ్రీమేసన్ అయిన తొలి భారతీయుడు ఆయనేనని ఆ సంఘం వాళ్లే గొప్పగా చెప్పుకుంటారు. (ఈ లాడ్జిలో గదులు అద్దెకివ్వరు, బ్యాగు సర్దుకోకండి!)

మీకు తెలుసా? ఆ దీక్ష ఇచ్చింది ఓ డాక్టరు, టెరెన్స్ గహగన్. చేయి పట్టుకున్నాడు సరే, నాడి చూడ్డానికి మాత్రం కాదు!

కబురు లండన్ చేరింది. లాడ్జిలకు పెద్దదిక్కైన గ్రాండ్ లాడ్జి పెద్దలు ఉబ్బితబ్బిబ్బయ్యారు. సొగసుగా అలంకరించిన ఏప్రన్ ఒకటి, ఘనంగా బైండు చేయించిన నియమావళి పుస్తకం ఒకటి కానుకగా పంపారు. ఆ మూట మోసుకొచ్చింది ఎవరో మీకు తెలుసా? బెంగాల్ అడ్వొకేట్ జనరల్ సర్ జాన్ డే! పార్సిల్ తెచ్చినాయన హోదా చూశారా?

నవాబు కొడుకు తక్కువ తిన్నాడా? జవాబు పారసీలో రాయించి, బంగారు జరీ గుడ్డలో పెట్టి పంపాడు. 1780లో లండన్ వాళ్లు దాని అనువాదాన్ని తోలు కాగితం మీద రాయించి, అసలు ఉత్తరంతో కలిపి అద్దం పటం కట్టించి, సభ జరిగినప్పుడల్లా హాల్లో వేలాడదీయాలని తీర్మానం చేశారు. మన పెళ్లి ఫోటోలకే ఆ భాగ్యం లేదు!

మీకు తెలుసా? ఈయన తమ్ముడు అమీర్ ఉల్ ఉమరాది ఇంకో చిత్రమైన కథ. నెల్లూరు దగ్గర ఓ రైతు రాళ్లగుట్ట వాలులో దున్నుతున్నాడు. నాగలి ఇటుకల కట్టడానికి తగిలి ఆగింది. తవ్వితే చిన్న గుడి శిథిలం. దాని కింద ముంత. ముంతలో... రోమన్ బంగారు నాణేలు, రెండో శతాబ్దానివి! రైతు పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయే ఉంటాయి. అమీర్ మాత్రం వెంటపడి 30కి పైగా రాబట్టాడు.

ఈ సంగతి రాసింది మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్, 1787లో. కొన్ని నాణేలు నిన్ననే టంకసాల నుంచి వచ్చినట్టు తళతళలాడుతున్నాయట. కొన్నింటికి చిల్లులు! వాటిని ఎవరో మెళ్లో, దండకు కట్టుకుని తిరిగి ఉంటారట. రోమ్ చక్రవర్తి మొహం నెల్లూరు మెడలో! ఇంతకీ డేవిడ్సన్ దొరకు కూడా రెండు ఏరుకునే అవకాశం దొరికింది. హాడ్రియన్ చక్రవర్తిది ఒకటి, ఫాస్టినా మహారాణిది ఒకటి పట్టుకుపోయాడు. ఏరుకోవడం తెలిసిన మనిషి!

మీకు తెలుసా? మేసన్లు ఒకరినొకరు 'బ్రదర్' అని పిలుచుకుంటారు. మన బ్రదర్ నవాబు 1795లో గద్దె ఎక్కి, 1801 జులై 15న కన్నుమూశాడు. జులై 31కల్లా ఈస్టిండియా కంపెనీ కొత్త నవాబు చేత ఒప్పందం రాయించుకుని నెల్లూరుతో సహా ఆర్కాటు నవాబుల కర్ణాటక (కర్నాటిక్) రాజ్యం మొత్తాన్ని చేతిలో వేసుకుంది. ఎన్ని రోజులు? 16! నలభై దినాల ఫాతెహా దాకా కూడా ఆగలేదు. అదేందయ్యా, బ్రదరే గదా!

రొట్టెల పండుగకి వెళ్లారా? ఆ పండుగ జరిగే నెల్లూరు బారాషహీద్ దర్గా గురించి జనం చెప్పుకునే కథలో జబ్బు నయమయ్యేది కూడా ఓ ఆర్కాటు నవాబు బేగంకే. ఈ కుటుంబం మనల్ని వదలదు!

మీకు తెలుసా? లాడ్జిలో రాజకీయాలు మాట్లాడకూడదు, మతాల మీద వాదించకూడదు. మరి పొద్దెట్లా పోతుందో! కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవాలంటే గోళీలతో ఓటు. తెల్ల గోళీ సరే, నల్ల గోళీ వద్దు. దీక్ష రోజు ఎంత పెద్ద ఆఫీసరైనా ఒక ప్యాంటు కాలు మోకాలి పైకి మడవాల్సిందే!

మీకు తెలుసా? నవాబు కొడుకు కోసం అలా తెరుచుకున్న తలుపు, కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్తు అనే మామూలు హిందువుకి తెరుచుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో? తొమ్మిది! 1863లో తట్టాడు, 1872లో తీశారు. నన్నడిగితే ఏప్రన్ కానుక పంపాల్సింది ఈయనకి.

ఆ దత్తును చేర్చుకున్న 'యాంకర్ అండ్ హోప్' లాడ్జిలోకే 1884లో 21 ఏళ్ల కుర్రాడొకడు అడుగుపెట్టాడు. పేరు నరేంద్రనాథ్ దత్తా. తర్వాత లోకం ఆయన్ని వివేకానందుడంది. నోరెళ్లబెట్టారా?

ప్రసన్న కుమార్ దత్తుకు తలుపు తీసిన 1872లోనే హైదరాబాదులో గోషామహల్ బారాదరి అనే భవనం మేసన్లకు దక్కింది. ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. అప్పటికి ఆయన వయసు? ఆరేళ్లు అటూ ఇటూ! దివాను సాలార్‌జంగ్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

మరి ఆ భవనం కట్టించిందెవరో మీకు తెలుసా? మన రామదాసును చెరసాలలో పెట్టించిన తానీషా! 1682లో కట్టించాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకుని తానీషానే చెరసాలకు పంపాడు. కట్టించినాయనకు దక్కింది ఐదేళ్లు. మేసన్లు 150 ఏళ్లు దాటినా ఖాళీ చేయలేదు!