వెలుతురు చూస్తే కళ్లు మూతపడుతున్నాయా? కారణం ఎండ ఒక్కటే కాదు

నెల్లూరు: ఎండాకాలం వస్తే ఇస్కపల్లి ఉప్పు కొటార్లలో తెల్లటి కుప్పల మీద, మైపాడు, కృష్ణపట్నం తీరంలో నీళ్ల మీద ఎండ తళతళలాడుతుంది. ఉప్పు లాగేవాళ్లు, వేటకెళ్లే మత్స్యకారులు, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే కూలీలు రోజంతా కళ్లు చికిలించుకునే పని చేస్తారు. సాయంత్రానికి కళ్లు ఎర్రబడి, నీళ్లు కారుతుంటే "ఎండకు అంతేలే, పొద్దునకి తగ్గిపోతుంది" అనుకుంటారు. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. తగ్గనప్పుడు మాత్రం ఊరుకున్న ఆ నాలుగు రోజులే చూపు మీదికి తెస్తాయి.

వెలుతురు పడకపోవడాన్ని డాక్టర్లు ఫొటోఫోబియా అంటారు. ఇది జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పే గుర్తు. కంటి ముందున్న పారదర్శక పొర, అంటే కార్నియా, శరీరంలో నరాలు అతి దట్టంగా ఉండే చోట్లలో ఒకటి. అక్కడ గీత పడినా, పుండు లేచినా, కంటి లోపల వాపు వచ్చినా ఆ నరాలు రేగుతాయి. అప్పుడు మామూలు ట్యూబ్‌లైట్ వెలుగు కూడా నొప్పిగా తగులుతుంది.

తీరంలో ఎక్కువగా కనిపించే కారణాలు

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైనుంచే కాదు, కిందనుంచీ వస్తాయి. పొడి ఇసుక వాటిలో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు 25 శాతాన్ని తిప్పి పైకి కొడతాయి. అందుకే టోపీ ఒక్కటే చాలదు. ఏళ్ల తరబడి ఎండ, గాలి, దుమ్ము తగిలితే తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు వైపు పాకుతుంది. కళ్లు పొడిబారడం, శుక్లం (మన ఇళ్లల్లో మోతియాబింద్ అంటాం) కూడా వెలుతురును భరించలేకుండా చేస్తాయి. శుక్లం ఉన్నవాళ్లకు రాత్రిపూట ఎదురొచ్చే లారీ లైట్లు చెదిరిపోయినట్టు కనిపిస్తాయి.

అద్దం అడ్డం లేకుండా వెల్డింగ్ చేసేవాళ్లది ఇంకో సమస్య. పగలు ఏమీ అనిపించదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, సరిగ్గా పడుకునే వేళకి, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలు ఇంటికి తెచ్చుకుని వాడితే మాత్రం కార్నియా దెబ్బతింటుంది.

రొయ్యల గుంటల్లో చల్లే సున్నం, బ్లీచింగ్ పౌడర్ కంట్లో పడితే డాక్టర్ కోసం వెతకడం తర్వాత. ముందు దగ్గర్లో ఉన్న మంచినీళ్లతో రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 20 నిమిషాలు కడగాలి. రెప్ప కింద సున్నం ముక్క ఉండిపోతే అది లోపల కాలుస్తూనే ఉంటుంది. కడిగిన వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఒకటే గుర్తు, మందులు మాత్రం వేరు

అసలు ప్రమాదం ఇక్కడుంది. వరి కోతల్లో, నూర్పిళ్లలో ఆకు అంచు గానీ ఊక గానీ కంట్లో గీసుకుంటే ఫంగస్ చేరి కార్నియా మీద పుండు పడవచ్చు. ఎరుపు, నొప్పి, నీళ్లు, వెలుతురు పడకపోవడం దీని గుర్తులు. కంటి లోపలి పొర వాచే యువైటిస్‌కీ ఇంచుమించు ఇవే గుర్తులు. యువైటిస్‌కు స్టెరాయిడ్ చుక్కలే ప్రధాన మందు. అవే చుక్కలు ఫంగస్ పుండులో వేస్తే ఎరుపు తగ్గి బాగైనట్టు కనిపిస్తుంది, లోపల పుండు మాత్రం పెరుగుతుంది. ఫంగస్‌కు నటామైసిన్ లాంటి చుక్కలు వారాల పాటు వేయాలి. ఆలస్యమైతే కంట్లో పువ్వు పడి, కార్నియా మార్పిడి దాకా పోవచ్చు.

రెండింటికీ తేడా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర తెలియదు. స్లిట్‌ల్యాంప్ కింద చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి షాపులో అడిగి చుక్కలు కొనడం, పక్కింటివాళ్లకు రాసిన సీసా తెచ్చి వేసుకోవడం మానాలి. ఆకు పసర్లు, చనుబాలు పోయడం కూడా వద్దు. కన్ను ఎర్రగా ఉన్నన్నాళ్లు సుర్మా కూడా ఆపాలి. బజార్లో దొరికే చాలా సుర్మాల్లో సీసం ఉంటుంది, చిన్నపిల్లలకు అది ఎప్పుడూ మంచిది కాదు.

రంజాన్‌లో కొందరు రోజా పోతుందేమోనని చుక్కలు ఆపేస్తారు. కంట్లో మందు వేసుకుంటే రోజా భంగం కాదన్నది హనఫీ ఫిఖహ్ మాట. సందేహం ఉంటే ఆలిమ్‌ను అడగండి, మందు మాత్రం ఆపకండి.

పిల్లల్లో అశ్రద్ధ వద్దు

పసిబిడ్డ వెలుతురు వైపు చూడకుండా ముఖం తిప్పేసుకుంటున్నా, ఎప్పుడూ కళ్లలో నీళ్లున్నా, నల్లగుడ్డు పెద్దగా, మసకగా కనిపిస్తున్నా అది పుట్టుకతో వచ్చే గ్లకోమా కావచ్చు. "బిడ్డవి ఎంత పెద్ద కళ్లో" అని మురిసిపోయి వదిలేసిన ఇళ్లున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది సుమారు 3,300 మంది పిల్లల్లో ఒకరికి వస్తుందని అంచనా. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. మేనరికాలు, దగ్గరి సంబంధాలు దీనికి ఒక కారణం. దీనికి ఆపరేషనే మార్గం. ఎంత తొందరగా చేస్తే అంత చూపు దక్కుతుంది.

కంటిలో ఏ లోపం లేకుండానే వెలుతురు పడకపోతే ఒంటిచెంప తలనొప్పి, అంటే మైగ్రేన్, అయ్యుండొచ్చు. అప్పుడు మందు తలనొప్పికే వాడాలి. జ్వరం, మెడ పట్టేయడం, వాంతులు తోడైతే మెదడు పొరల వాపు కావచ్చు. తెల్లారే దాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

కళ్లద్దాలు ఎలా కొనాలి

నల్లగా ఉంటే చాలనుకోవద్దు. అతినీలలోహిత కిరణాలను ఆపని నల్లద్దాలు పెట్టుకుంటే చీకటికి కంటిపాప విచ్చుకుని, హాని చేసే కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. "యూవీ 400" అని ఉన్నవి, పక్కలు కూడా మూసేవి తీసుకోవాలి. నీళ్ల మీద పనిచేసేవాళ్లకు పోలరైజ్డ్ అద్దాలు తళుకును తగ్గిస్తాయి. అంచు వెడల్పున్న టోపీ గానీ, తలపాగా ముందుకు లాగి కట్టడం గానీ తోడుండాలి. ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకుని తిరిగితే కళ్లు చీకటికి అలవాటుపడి, వెలుతురు మరింత పడకుండా పోతుంది.

ఎప్పుడు వెళ్లాలి

చూపు మసకబారినా, నొప్పి ఎక్కువగా ఉన్నా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, ఒక్క కన్నే ఎర్రబడి వెలుతురు పడకపోయినా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించాలి. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో కంటి విభాగం ఉంది. కేసు పెద్దదైతే తిరుపతిలో అరవింద్, విజయవాడలో ఎల్వీ ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ ఉన్నాయి. వెళ్లేటప్పుడు అప్పటిదాకా వాడిన చుక్కల సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి. ఏం వేశారో తెలిస్తేనే డాక్టర్‌కు ఏం వేయాలో తెలుస్తుంది.