మగపిల్లల ఈడు మార్పు.. చెప్పేవారెవరు?

శంకర్‌పల్లి: ఆడపిల్ల ఈడేరితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. చుట్టాలు వస్తారు. తల్లో, మేనత్తో పక్కన కూర్చోబెట్టుకొని నాలుగు మాటలు చెబుతారు. మగపిల్లవాడి గొంతు బొంగురుపోతే మాత్రం నవ్వి ఊరుకుంటారు. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో అబ్బాయిలకు ధోతి కట్టించే వేడుకలు ఘనంగానే జరుగుతుంటాయి. పందిరి, ఫొటోలు, విందు.. దేనికీ లోటుండదు. ఒంట్లో ఏం మారుతోందో ఆ పిల్లవాడికి చెప్పడం మాత్రం ఎవరి పనీ కాకుండా పోతోంది.

మొదట మారేది గొంతు కాదు

గొంతు మారినప్పుడే ఈడు వచ్చిందని పెద్దలు భావిస్తారు. నిజానికి అంతకు చాలా ముందే మార్పు మొదలవుతుంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మెదడులోని హైపోథాలమస్ నుంచి వెలువడే సంకేతంతో పీయూష గ్రంథి మేల్కొంటుంది. దాని ప్రేరణతో వృషణాలు పెరిగి టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారు చేస్తాయి. తొలి గుర్తు వృషణాల పరిమాణం పెరగడమే. ఆ తరువాత రోమాలు రావడం, పురుషాంగం ఎదగడం, ఎత్తు పెరగడం, గొంతు మారడం, నూగు మీసాలు రావడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. స్వరపేటిక పెద్దదై స్వరతంత్రులు సాగడం వల్ల కొన్ని నెలలపాటు గొంతు ఒకసారి సన్నగా, ఒకసారి బొంగురుగా పలుకుతుంది. తరగతిలో పాఠం పైకి చదవమంటే కొందరు మొండికేయడానికి కారణం ఇదే కావచ్చు.

ఏడెనిమిది తరగతుల్లో ఆడపిల్లలే పొడవుగా కనిపిస్తారు. వారి ఎదుగుదల దాదాపు రెండేళ్లు ముందు జరగడమే అందుకు కారణం. అబ్బాయిలు వేగంగా పెరిగే దశలో ఏడాదికి 9 సెంటీమీటర్ల వరకు ఎత్తు పెరుగుతారు. సుమారు సగం మంది అబ్బాయిలకు ఈ వయసులో చనుమొనల కింద చిన్న గడ్డలా వచ్చి నొప్పి పెడుతుంది. తాను ఆడపిల్లలా మారిపోతున్నానని భయపడి, తోటివారి ముందు చొక్కా విప్పక, చెరువులో ఈతకు పోక ముడుచుకునే పిల్లలుంటారు. అది హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల వచ్చేది. చాలామందికి రెండేళ్లలోపు దానంతట అదే తగ్గిపోతుంది. 9 ఏళ్లకు ముందే మార్పులు మొదలైనా, 14 ఏళ్లు నిండినా మొదలుకాకపోయినా వైద్యుడికి చూపించాలి.

నిద్రలో జరిగేది జబ్బు కాదు

నిద్రలో వీర్యం వెలువడటాన్ని స్వప్న స్కలనం అంటారు. ఇది సహజం. కొందరికి తరచూ జరుగుతుంది, కొందరికి అసలు జరగదు. రెండూ మామూలే. దుప్పటి తడిసిన ఉదయం ఈ మాట తెలియని పిల్లవాడు పడే వేదన అంతా ఇంతా కాదు. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన కనిపించే ‘రహస్య వ్యాధులు, నరాల బలహీనత’ రాతలు బతికేది ఆ వేదన మీదే. ఒక్క చుక్క వీర్యానికి ఎన్నో చుక్కల రక్తం ఖర్చవుతుందన్నది పూర్తి అపోహ. వీర్యం పోతే ఒళ్లు క్షీణిస్తుందన్న ఈ భయానికి 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్.విగ్ ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. విజయవాడ వైద్యుడు డాక్టర్ జి.సమరం దశాబ్దాలపాటు తెలుగు పత్రికల్లో ఇలాంటి సందేహాలకు సమాధానాలు రాశారు. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా గోడలు ఖాళీగా లేవు.

నొప్పిని దాచితే ప్రమాదం

సిగ్గుపడి దాచకూడనిది ఒకటుంది. 12 నుంచి 18 ఏళ్ల మధ్య కొందరిలో వృషణం ఉన్నట్టుండి మెలిక పడుతుంది. రక్తప్రసరణ ఆగి, ఒకవైపు భరించలేని నొప్పి, వాపు, వాంతులు వస్తాయి. ఒక్కోసారి పొత్తికడుపులోనే నొప్పి అంటారు. ఆరు గంటలలోపు శస్త్రచికిత్స చేస్తే వృషణం దక్కే అవకాశం ఎక్కువ. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. శంకర్‌పల్లి నుంచి హైదరాబాద్ సుమారు 40 కిలోమీటర్లు. అర్ధరాత్రి నొప్పి వచ్చి, అమ్మకు చెప్పడానికి మొహమాటపడి పొద్దున్న దాకా ఓర్చుకుంటే ఆ ఆరు గంటలూ ఇంట్లోనే గడిచిపోతాయి. బామ నూనె, వేడి కాపడంతో కాలయాపన చేయరాదు. ‘అక్కడ నొప్పి వస్తే ఏ వేళైనా నన్ను లేపు’ అని తండ్రి ముందే ఒక్క మాట చెప్పి ఉంచితే చాలు.

కోపం, నిద్ర, ఒంటరితనం

ఎదురు చెప్పడం, చిన్నదానికే కన్నీళ్లు పెట్టుకోవడం, గది తలుపు వేసుకోవడం ఈ వయసులో కనిపిస్తాయి. ఉద్వేగాలను రేపే మెదడు భాగాలు ముందుగా ఎదుగుతాయి. వాటికి కళ్లెం వేసే ముందు భాగం పూర్తిగా పరిణతి చెందేసరికి ఇరవై ఐదేళ్ల దాకా పడుతుంది. నిద్రవేళ కూడా సహజంగానే వెనక్కి జరుగుతుంది. పొద్దెక్కినా లేవని కొడుకును సోమరి అని తిట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే వారాల తరబడి దిగులుగా ఉండటం, తిండి మానడం, చావు మాటలు మాట్లాడటం వయసు ప్రభావమని వదిలేయదగినవి కావు. టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

పాఠం ఉంది.. మాటే లేదు

ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమార దశ పాఠం ఉంది. దానిని గబగబా చదివి దాటేసే తరగతులు మనం చూడనివి కావు. 2005లో కౌమార విద్యా కార్యక్రమం తెచ్చినప్పుడు, 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు దానిని ఆపేశాయి. 2014 జనవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల బాలబాలికలిద్దరికీ ఉద్దేశించినది. కౌమారమనగానే మన దృష్టి అమ్మాయిల మీదకే పోవడం అలవాటైంది. అబ్బాయిలపై లైంగిక వేధింపులకు కూడా 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుందని ఎంతమంది తండ్రులకు తెలుసు? ఎవరు చెప్పకపోయినా చేతిలోని సెల్‌ఫోన్ ఏదో ఒకటి చూపిస్తుంది, అదీ తప్పుగా.

తెల్లవారకముందే కూరగాయలతో నగర మార్కెట్లకు బయలుదేరే తండ్రులకు కొడుకుతో కూర్చునే తీరిక తక్కువ. అలాంటి ఇళ్లలో ధోతి వేడుకకు బట్టలు తెచ్చే మేనమామే ఈ బాధ్యత తీసుకోవచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే తల దించుకునే పిల్లవాడు, బండి వెనక కూర్చున్నప్పుడో, పొలంలో పక్కపక్కన పని చేస్తున్నప్పుడో నోరు విప్పుతాడు. వృషణం, వీర్యం అన్న మాటలను పెద్దలు తడబడకుండా పలికితే, ఎప్పుడైనా అవసరమైన రోజున వాడూ అదే మాటతో చెప్పగలుగుతాడు.