ముందు త్రాసు సరిచూద్దాం

హోసూరు దగ్గరి మా తెలుగు బడికి పూర్వ విద్యార్థులు ఇచ్చిన సొమ్ము ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే సరిపోతుంది. పిల్లలు త్రీడీ బొమ్మలు నేర్చుకోవడానికి అది కావాలి. రెండు కార్డులు అరువు తెచ్చి, ఒకే ఆటలో పరీక్షించాం. రెండూ సెకనుకు 60 ఫ్రేములే చూపాయి. "అయితే చవకదే కొందాం సార్" అన్నారు పిల్లలు. సరేనన్నాం.

డబ్బు కట్టబోయే ముందు చూస్తే వీ-సింక్ ఆన్‌లో ఉంది! మా మానిటర్ సెకనుకు 60 సార్లే తెర మారుస్తుంది. కార్డు ఎంత వేగమైనదైనా వీ-సింక్ అక్కడే ఆపేస్తుంది. అంటే మేం కొలిచింది మానిటర్ హద్దునే.

వీ-సింక్ ఆపేసి మళ్లీ మొదలుపెట్టాం. ప్రాసెసర్, ర్యామ్, సెట్టింగులు అవే ఉంచి కార్డు ఒక్కటే మార్చాం. మార్చినప్పుడల్లా పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తగా వేశాం. వేడెక్కితే కార్డు నెమ్మదిస్తుంది కనుక, పది నిమిషాలు నడిపాకే కొలిచాం. ఒకే సన్నివేశాన్ని మూడుసార్లు నడిపి, మధ్య అంకెను రాసుకున్నాం. రిజల్యూషన్ మరీ తగ్గిస్తే ప్రాసెసరే అడ్డుపడి కార్డుల తేడా కనబడదు. అందుకే 1920×1080లో, బొమ్మ నాణ్యత పెంచి చూశాం. పిల్లలు వాడే బ్లెండర్‌లోనూ ఒకే బొమ్మను రెండింటితో రెండర్ చేయించాం.

రెండుచోట్లా ఖరీదైన కార్డే స్పష్టంగా ముందుంది. అదే కొన్నాం. మొదటి అంకెల్ని నమ్మి ఉంటే, ఆ లోటును ఏళ్ల తరబడి పిల్లలే మోసేవారు. మీ బడిలోనూ కార్డు కొనే ముందు వీ-సింక్ ఒక్కసారి చూసుకోండి.