ఢిల్లీ వార్తలు ఎందుకు ఊగేవి?

విజయవాడ స్టేషన్ నుంచి భక్తిగీతాలు నిలకడగా వస్తుండేవి. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలుకాగానే గొంతు ఊగడం ప్రారంభమయ్యేది. ఒక వాక్యం గదంతా నిండేది, తర్వాతిది గరగరలో మునిగిపోయేది, సరిగ్గా ప్రధానమంత్రి ఏమన్నారో చెప్పే చోట మాట వినపడేది కాదు. పెద్దవాళ్లు సెట్టు నెత్తిన ఒకటిచ్చేవారు. వార్తలు అయిపోయి మళ్లీ పాట వస్తే అంతా సవ్యమే. సెట్టు అదే, ముల్లు అక్కడే ఉంది, పంపే టవరూ అదే. మరి వార్తలకు మాత్రమే ఏమయ్యేది?

జవాబు ఢిల్లీకీ విజయవాడకూ మధ్య ఉన్న సుమారు 1,400 కిలోమీటర్ల ఆకాశంలో ఉంది. కొంగర జగ్గయ్య వంటివారు ఢిల్లీ స్టూడియోలో కూర్చుని చదివిన తెలుగు వార్తలు నేరుగా మన ఇళ్లకు వచ్చేవి కావు. రాజధాని శివార్లలోని షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు వాటిని ఆకాశంలోకి పంపేవి. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు పెద్ద రిసీవర్లతో పట్టుకుని, తమ మీడియంవేవ్ మీద మళ్లీ మనకు అందించేవి. ఆ మొదటి అంగలోనే ఊగు పుట్టేది.

ఆ షార్ట్‌వేవ్ యంత్రం ఢిల్లీకి ఎలా వచ్చిందో చెప్పాలి. 1936 జనవరి 1న ఢిల్లీ రేడియో స్టేషన్ 20 కిలోవాట్ల మీడియంవేవ్ ట్రాన్స్‌మిటర్‌తో మొదలైంది. అదే ఏడాది జూన్‌లో ఆ స్టేషన్‌ను నడిపే సంస్థకు ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు. దాని అధిపతి లయొనెల్ ఫీల్డెన్ చేతిలో డబ్బు తక్కువ, ముందున్న దేశం పెద్దది. మీడియంవేవ్ తరంగం పగటిపూట నేలను అంటిపెట్టుకుని పోతూ దూరం పెరిగేకొద్దీ నీరసిస్తుంది. దేశమంతా దానితోనే కప్పాలంటే ఎన్ని స్టేషన్లు కట్టాలి! అప్పుడు చీఫ్ ఇంజనీరుగా వచ్చిన సెసిల్ గోయ్‌డర్ దూరాలు దాటగల షార్ట్‌వేవ్ వైపు మొగ్గాడు. 1938 కల్లా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు పనిచేస్తున్నాయి.

గోయ్‌డర్‌ది గాలివాటు నమ్మకం కాదు. 1924 అక్టోబరులో, లండన్ మిల్ హిల్ స్కూల్లో చదువుతున్న రోజుల్లోనే, చిన్న షార్ట్‌వేవ్ సెట్టుతో న్యూజిలాండ్‌లోని ఫ్రాంక్ బెల్‌తో సంకేతాలు మార్చుకున్నాడు. ఇంచుమించు భూగోళానికి అవతలి వైపుతో మొట్టమొదటి రెండువైపుల రేడియో సంభాషణ అది. పన్నెండేళ్ల తర్వాత ఆ అనుభవం మన దేశానికి అక్కరకొచ్చింది. ఆకాశవాణి చరిత్రలో ఆయన పేరు ఇంకా గట్టిగా వినపడాలి.

ఇప్పుడు తరంగం సంగతి. పాత సెట్ల డయల్ మీద 25, 31, 41, 49 మీటర్లు అని రాసి ఉండేది. అవి తరంగదైర్ఘ్యాలు: ఒక శృంగానికీ (తరంగం ఎత్తైన చోటు) తర్వాతి శృంగానికీ మధ్య దూరం. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ వేగాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే సెకనుకు ఎన్ని కంపనాలో, అంటే పౌనఃపున్యం, తెలుస్తుంది. 31 మీటర్ల బ్యాండులో అది దాదాపు 95 లక్షలు. విజయవాడ మీడియంవేవ్ 837 కిలోహెర్ట్జ్. దాని తరంగం ఒక్కొక్కటి సుమారు 358 మీటర్ల పొడవు. పౌనఃపున్యం పెరిగితే పొడవు తగ్గక తప్పదు.

తరంగం ఎత్తును కంపన పరిమితి అంటారు. వార్తలు చదివే గొంతు ఎక్కేది దాని మీదే. సెకనుకు 95 లక్షల కంపనాలు అలాగే సాగుతాయి. మాటను బట్టి వాటి ఎత్తు మాత్రం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కాబట్టి దారిలో ఎత్తును ఏది చెడగొట్టినా గొంతే చెడుతుంది.

చెడగొట్టేది ఐనోస్ఫియర్. నేలకు సుమారు 60 కిలోమీటర్ల పైనుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా, ఎండ గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొట్టే ప్రాంతం అది. షార్ట్‌వేవ్ తరంగం అక్కడ క్రమంగా వంగి నేలకు తిరిగొస్తుంది. పౌనఃపున్యం మరీ ఎక్కువైతే వంగకుండా దాటిపోతుంది, ఢిల్లీలో 102.6 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. మన ఊళ్లో వినపడకపోవడానికి అదే కారణం. ఎండతో పాటు ఆ పొరలు మారతాయి గనుక షార్ట్‌వేవ్ కేంద్రాలు పగలు ఒక మీటరు, రాత్రి ఒక మీటరు వాడతాయి.

అసలు చిక్కు ఒకే కార్యక్రమం రెండు దారుల్లో రావడం. సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున వంగినది ఒకటి, 300 కిలోమీటర్ల ఎత్తున వంగినది ఇంకొకటి అనుకోండి. లెక్క కడితే రెండో దారి వంద కిలోమీటర్లకు పైగా ఎక్కువ. రెండూ విజయవాడ యాంటెన్నా మీద కలిసే క్షణాన ఏది ఏ దశలో ఉందన్నదే ప్రశ్న. ఒకే రోట్లో ఇద్దరు దంచుతుంటే రోకళ్ల వేగం ఒకటే, కానీ ఒకరిది పైకి లేచినప్పుడు రెండోవారిది కిందికి దిగుతుంది. అది వ్యతిరేక దశ. రెండు తరంగాలు అలా కలిస్తే ఒకదాని శృంగం రెండోదాని ద్రోణిని, అంటే పల్లాన్ని, చెరిపేస్తుంది. ఒకే దశలో కలిస్తే బలం పెరుగుతుంది. భౌతికశాస్త్రంలో దీని పేరు వ్యతికరణం. 31 మీటర్ల తరంగానికి దారుల తేడా పదిహేను మీటర్లు మారితే చాలు, నిండుగా ఉన్న గొంతు మునిగిపోతుంది. వందల కిలోమీటర్ల ఎత్తున నిత్యం కదిలే పొరకు పదిహేను మీటర్లు ఒక లెక్కా! పైగా ఒక పౌనఃపున్యానికి దశ కుదిరినప్పుడే పక్కదానికి కుదరకపోవచ్చు. అందుకే గొంతు సన్నగిల్లడమే కాదు, గరగరగా విరిగేది కూడా.

శ్రోతలు విసుక్కున్న ఈ ఊగునే ఒక శాస్త్రవేత్త కొలబద్దగా మార్చుకున్నాడు. 1924 డిసెంబరులో, అంటే గోయ్‌డర్ న్యూజిలాండ్‌ను పలకరించిన రెండు నెలలకు, ఎడ్వర్డ్ యాపిల్టన్ బి.బి.సి. ట్రాన్స్‌మిటర్ పౌనఃపున్యాన్ని కొంచెం కొంచెంగా మార్పించి, నేల మీది తరంగమూ ఆకాశం నుంచి వచ్చినదీ కలిసి ఎన్నిసార్లు హెచ్చుతగ్గులవుతాయో లెక్కించాడు. దాన్నిబట్టి పొర ఎత్తు తేల్చాడు. 1947లో ఆయనకు నోబెల్ వచ్చింది. స్వతంత్ర భారతంలో ఈ పొరల అధ్యయనానికి ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ పెద్ద కేంద్రమైంది, ఐనోస్ఫియర్ శాస్త్రవేత్త ఎ.పి. మిత్ర అక్కడే పనిచేశారు.

1980లలో ఇన్‌శాట్ ఉపగ్రహాలు వచ్చాక ఢిల్లీ కార్యక్రమాలు కొన్ని సెంటీమీటర్ల పొడవున్న తరంగాల మీద పైకెళ్లి దిగసాగాయి. అంత చిన్న తరంగం ఐనోస్ఫియర్‌ను దాటి పోతుంది గనుక ఊగు పోయింది.

అటక మీద షార్ట్‌వేవ్ బ్యాండున్న సెట్టు ఉంటే పారేయకండి. రాత్రి తొమ్మిది దాటాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని 31, 41 మీటర్ల దగ్గర ముల్లు మెల్లగా తిప్పండి. ఏ దేశానిదో ఒక గొంతు దొరుకుతుంది. అది ఊగుతుంటే సెట్టును కొట్టకండి. రెండు దారుల్లో వచ్చిన తరంగాలు కలుస్తున్నాయని వాళ్లకు చెప్పండి.