నైట్ షిఫ్ట్ ఇంట్లో ఏ ఓటీటీ?

రామకృష్ణాపూర్ సింగరేణి క్వార్టర్లలో పిల్లల కోసం ఏ ఓటీటీ తీసుకోవాలన్న మాట వస్తే, నేనైతే ముందు ఈ వారం ఇంటాయనది ఏ షిఫ్టో అడుగుతాను. గనుల మీద డ్యూటీలు పొద్దున ఏడింటికి, పగలు మూడింటికి, రాత్రి పదకొండింటికి మారతాయి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి స్నానం చేసి, ఇంత తిని, నడుం వాల్చేసరికి తొమ్మిదవుతుంది. మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో చప్పుడు కాకూడదు. ఉన్నవేమో రెండు గదులు. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని బయటికి పంపుదామంటే మంచిర్యాల జిల్లా ఎండలు తెలిసినవే. "బాపు పండుకున్నడు బిడ్డా, లొల్లి చెయ్యకు" అంటూ అమ్మ టీవీ బంద్ చేసి పిల్లవాడి చేతికి ఫోన్ ఇస్తుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెడుతుంది. ఇక్కడి ఇళ్లలో పిల్లల ఓటీటీ ఇలా మొదలవుతుంది. యాప్ ఏదన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ అలవాటుకు తగ్గట్టే చవక ప్లాన్లన్నీ ఫోన్ చుట్టూ తిరుగుతాయి. 2021 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ధరలు తగ్గించినప్పుడు మొబైల్ ప్లాన్‌ను నెలకు రూ.149, బేసిక్ ప్లాన్‌ను రూ.199 చేసింది. తేడా యాభై రూపాయలే. కానీ ఆ మొబైల్ ప్లాన్ టీవీలో ఆడదు. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో 480 గీతల బొమ్మతో సరిపెట్టుకోవాలి. బేసిక్ అయితే టీవీలో 720 గీతలతో వస్తుంది. రీచార్జితో పాటు 'ఉచితం' అంటూ అంటగట్టే ఓటీటీలూ చాలావరకు మొబైల్‌కే పరిమితం. ధరలు ఎటూ మారుతుంటాయి కాబట్టి షరతులు చదువుకోవాలి: టీవీలో ఆడుతుందా, ఒకేసారి ఎన్ని తెరల మీద ఆడుతుంది? పిల్లలున్న ఇంట్లో యాభై రూపాయలకు ఆశపడి మొబైల్ ప్లాన్ తీసుకోవడం నా లెక్కలో దండగ.

కారణం కంట్లో ఉంది. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. నిద్రవేళ అయిందని ఒంటికి తెలిసేది దానివల్లే. వెలుతురు కంట పడితే అది తగ్గిపోతుంది. పిల్లల కంటి కటకం పెద్దలకంటే తేటగా ఉంటుంది, కనుపాప పెద్దగా తెరుచుకుంటుంది, అందుకే వాళ్ల మీద ఈ ప్రభావం ఎక్కువ. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధనలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు పదిమందిని పడుకునే ముందు ఒక గంట గట్టి వెలుతురులో ఆడించారు. మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది. దీపం తీసేసిన యాభై నిమిషాల తర్వాత కూడా చాలామందిలో కోలుకోలేదు. వాళ్లు వాడిన దీపం ఫోన్ కంటే బాగా ఎక్కువ వెలుగుది, కాబట్టి ఆ అంకెను ఉన్నదున్నట్టు ఫోన్‌కు అంటగట్టకూడదు. అయినా జానెడు దూరంలో పట్టుకున్న తెరకూ, గది ఆ చివర గోడకున్న టీవీకీ కంటి దాకా వచ్చే వెలుతురులో తేడా ఉంటుంది. దగ్గరి తెర మీద గంటల తరబడి చూపు నిలిపితే కంటి కండరాలకూ శ్రమే. ఈ ఇబ్బంది నైట్ షిఫ్ట్ వారంలో కంటే సెకండ్ షిఫ్ట్ వారంలో ఎక్కువ. బాపు పదకొండు దాటాక గానీ రాడు. ఆయన వచ్చేదాకా మేలుకుంటామని పిల్లలు ఫోన్ పట్టుకుని మంచం మీదే కూర్చుంటారు.

నైట్ షిఫ్ట్ వారంలో అసలు తంటా చప్పుడుతో. ఇయర్‌ఫోన్లు పెట్టేస్తే సరిపోతుందనుకుంటాం గానీ దానికీ ఒక హద్దుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పిల్లలు వారానికి 40 గంటలు వినాలంటే శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదు. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. మూడు పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపు, అంటే వినదగ్గ సమయం సగమవుతుంది. కూలర్ మోత మధ్య మాటలు వినపడాలని పిల్లవాడు వాల్యూమ్ పెంచుతూ పోతే ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు.

టీవీ పెట్టి, సౌండ్ బాగా తగ్గించి, సబ్‌టైటిల్స్ వేస్తే? ఈ దారిలో ఒక ప్రయోగం మన దేశంలోనే జరిగింది. ఐఐఎం అహ్మదాబాద్‌లో బ్రిజ్ కొఠారి 1996లో ఒక ఆలోచన మొదలుపెట్టారు: టీవీలో వచ్చే సినిమా పాటల కింద అదే భాషలో అక్షరాలు వేస్తే చదువు అంతంత మాత్రంగా వచ్చినవాళ్లకు సాధన అవుతుందని. గుజరాత్ దూరదర్శన్‌లో పాటల కార్యక్రమానికి అలా వేసి చూశారు. కంటి కదలికలను కొలిచే పరికరాలతో చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, తెర కింద అక్షరాలుంటే చూపు దానంతటదే అటు పోతుంది, చదవమని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు మీడియంలో చేరి తెలుగు కూడబలుక్కుంటున్న మూడో తరగతి పిల్లకు ఇంతకంటే ఏం కావాలి? చిక్కల్లా ఏమిటంటే, చాలాచోట్ల కార్టూన్లకు తెలుగు ఆడియో ఉంటుంది, సబ్‌టైటిల్స్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి. ఓటీటీలను పోల్చి చూసేటప్పుడు ఎన్ని వేల సినిమాలున్నాయో లెక్కపెట్టే బదులు తెలుగు అక్షరాలు ఎన్నిటికి ఉన్నాయో చూడమంటాను.

రెండేళ్లలోపు పసివాళ్ల దగ్గర ఈ లెక్కలేవీ పనికిరావు. 2003లో సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనీస్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల్లో తేడాలను పసిగట్టారు. అదే మనిషి అవే మాటలు టీవీలో చెబితే ఏమీ అబ్బలేదు. 2014లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం, రెండేళ్లు దాటిన పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి నేర్వని కొత్త మాటలను వీడియో కాల్‌లో అవతలి మనిషి తమతో మాట్లాడుతుంటే నేర్చుకున్నారు. ఊళ్లో ఉన్న అమ్మమ్మ వాట్సాప్‌లో మాట్లాడటం ఏ రైమ్స్ ఛానెల్‌కన్నా మేలన్నమాట. భారతీయ శిశువైద్యుల సంఘం కూడా రెండేళ్లలోపు వాళ్లకు వీడియో కాల్ తప్ప తెరే వద్దంది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన 'మైటీ లిటిల్ భీమ్' 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో సంభాషణలంటూ దాదాపు లేవు. నవ్వుకోవడానికి బాగుంటుంది. మాటలు నేర్పే పని మాత్రం పక్కన కూర్చున్నవాళ్లదే.

ఇక డేటా. 1080 గీతల బొమ్మలో చుక్కలు 20 లక్షల పైనే. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు అనుకుంటే సెకనుకు 124 కోట్ల బిట్లు అవుతాయి. మనింటికి వచ్చేది మాత్రం సాధారణంగా 50 లక్షల దగ్గరే ఉంటుంది. కారణం, కిందటి బొమ్మతో పోల్చి మారిన భాగాన్నే పంపుతారు. ఛోటా భీమ్‌లో ఆకాశం ఒకే నీలం, గోడ కదలదు. నోరూ చెయ్యీ ఆడితే ఆ మేరకే బిట్లు ఖర్చు. అదే ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ వీడియో అయితే దుమ్ములో ప్రతి చుక్కా ప్రతి బొమ్మకూ మారిపోతుంది, పొదుపుకు చోటుండదు. 2015 నుంచి నెట్‌ఫ్లిక్స్ ఎన్ని బిట్లు కావాలన్నది ఒక్కో సినిమాకూ వేరువేరుగా కొలుస్తోంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున చూస్తే నలభై నిమిషాల్లో అయిపోతుంది. 1 మెగాబిట్‌కు తగ్గిస్తే మూడు గంటలు దాటుతుంది. కార్టూన్లకు ఆ తక్కువ నాణ్యత చాలు. సెట్టింగ్స్‌లో 'డేటా సేవర్' పెట్టినా బొమ్మ మరీ పాడవదు.

తాళం సంగతి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతి కార్యక్రమానికీ యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని ముద్ర వేయాలి. 13+, ఆపై వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలుండాలి. ఈ ముద్ర వేసేది సెన్సార్ బోర్డు కాదు, ఆ సంస్థే. ఎవరి కొలత వాళ్లది కాబట్టి ఒకచోటి 13+ ఇంకోచోట మరోలా ఉండొచ్చు. మన పిల్లలు ఎక్కువగా చూసే యూట్యూబ్‌లో జనం పెట్టే వీడియోలకు ఈ ముద్రలే లేవు. ఓటీటీకి తాళం వేసి యూట్యూబ్ వదిలేయడం ముందు తలుపుకు గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తెరవడమే. యూట్యూబ్ కిడ్స్ వేరే యాప్. అందులో అమ్మానాన్నలు ఎంచినవే కనిపించేలా పెట్టుకోవచ్చు, టైమర్ కూడా ఉంది. పిల్లలకు వేరే ప్రొఫైల్ తప్పనిసరి. బాపు క్రైమ్ సిరీస్‌లూ పిల్ల కార్టూన్లూ ఒకే ఖాతాలో కలిస్తే సిఫార్సులు రెంటినీ కలిపి వడ్డిస్తాయి. ఎపిసోడ్ ముగియగానే తర్వాతిది దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను వీలున్నచోట ఆపేయండి.

డబ్బు కట్టేముందు పక్క క్వార్టర్‌లో ఆ ఓటీటీ ఉంటే, వాళ్ల టీవీలో మీ పిల్లలు చూసే కార్టూన్ ఒకటి తెరిచి ఆడియో, సబ్‌టైటిల్స్ రెండింటి జాబితాలోనూ తెలుగు ఉందేమో చూడండి. ఉంటే నెలకు కట్టండి, ఏడాదికి వద్దు. నిన్నటి హాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో జియో హాట్‌స్టార్ అయింది. ఇవాళ ఒకదాంట్లో ఉన్న కార్టూన్ రేపు ఇంకోదాంట్లోకి పోవచ్చు. బడి తెరిచాక ఆ ప్యాక్ ఆపేసినా అడిగేవాళ్లు లేరు.