జాజు కలిపిన సన్‌స్క్రీన్

సాంకేతిక శీర్షికలో ముఖానికి రాసుకునే క్రీము గోల ఏమిటని అనుకోకండి. మస్కట్‌లో శుక్రవారం నాడు నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే, వీసాలూ స్కూలు ఫీజులూ అయ్యాక తప్పకుండా వచ్చే ప్రస్తావన మంగు మచ్చలు. “యాభై ఎస్పీఎఫ్ రాస్తున్నానండీ, అయినా నల్లబడుతూనే ఉంది” అనే మాట చాలా ఇళ్ళలో విన్నాను, మా ఇంట్లోనూ విన్నాను. అందుకని కొన్ని ట్యూబులు ముందేసుకుని, వెనకవైపు చిన్న అక్షరాలను లాగ్ ఫైలు చదివినట్టు చదివాను.

ముందు ఇక్కడి ఎండ సంగతి. మస్కట్ కర్కాటక రేఖకు కాస్త ఉత్తరాన ఉంది. జూన్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకూ ఆరుబయట కూలిపని చేయించకూడదని ఒమాన్‌లో చట్టమే ఉంది.

ఎండలో మనకి కావలసిన భాగాలు మూడు. సుమారు 290 నుంచి 320 నానోమీటర్ల దాకా యు.వి.బి., అక్కణ్ణుంచి 400 దాకా యు.వి.ఏ., ఆ పైన 700 దాకా కంటికి కనిపించే వెలుగు. ఎస్పీఎఫ్ అన్న అంకె చర్మం ఎంతసేపటికి ఎర్రగా కందుతుందో చూసి కట్టినది. అంటే ముఖ్యంగా యు.వి.బి. లెక్క. పక్కన ఉండే పి.ఏ. ప్లస్‌లు యు.వి.ఏ. లెక్క. కనిపించే వెలుగుని ఈ రెండూ కొలవవు. ఆ పరీక్ష రాయనే లేదు కనక ఎన్ని బిల్డులు పాసయినా ఆ బగ్ అలాగే ఉంటుందన్నమాట.

తెల్లవాళ్ళకి ఇది పెద్ద బగ్ కాదు. 2010లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు వట్టి కనిపించే వెలుగుని చర్మం మీద వేసి చూశారు. చామనచాయ, నలుపు చర్మాలు నల్లబడ్డాయి, ఆ నలుపు యు.వి.ఏ. వల్ల వచ్చినదానికంటే ఎక్కువ కాలం నిలిచింది. బాగా తెల్లటి చర్మం మీద ఏమీ రాలేదు. ఎక్కువ తంటా నీలి వెలుగుతోనే. అలాగని మానిటరుకి భయపడనక్కరలేదు, దాన్నుంచి వచ్చే వెలుగు ఎండ ముందు ఏ మూలకీ రాదు.

ఇంక ట్యూబులోకి వెళదాం. ‘మినరల్’ అంటే జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు. ఇవి అద్దంలా కిరణాల్ని వెనక్కి కొడతాయని అందరూ రాస్తుంటారు కాని, అది చాలావరకు తప్పు. ఇవి సెమీకండక్టర్లు. అతినీలలోహిత కాంతిలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటాయి, తిప్పికొట్టేది కొద్దిగానే. టైటానియం యు.వి.బి.లో గట్టిది, జింక్ యు.వి.ఏ.లో ఇంకా దూరం కాపు కాస్తుంది. మనకి ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నేను జింక్ వైపే. పైగా టైటానియం డయాక్సైడుకి వక్రీభవన గుణకం చాలా ఎక్కువ. గోడ సున్నాల కంపెనీలు దాన్ని తెల్లరంగుగా వాడేది అందుకే. మన ముఖం మీద అదే విభూతి పూసినట్టు కనిపిస్తుంది.

ఆ తెలుపు పోవడానికి రేణువుల్ని నానో పరిమాణానికి నూరతారు. అప్పుడు క్రీము కనపడదు. కాని కనపడటం లేదంటేనే కనిపించే వెలుగు దానిలోంచి హాయిగా దూరిపోతోందని అర్థం! మంగు మచ్చలున్నవారికి ఈ పారదర్శకమైన క్రీము సగం పనే చేస్తుంది.

మిగతా సగం చేసేది ఐరన్ ఆక్సైడు. అంటే తుప్పు. పల్లెల్లో గోడలకి, అరుగులకి పూసే జాజులో ఉన్న ఎరుపు ఇదే. ఎరుపు, పసుపు, నలుపు అని మూడు రకాలు, లేబులు మీద సి.ఐ. 77491, 77492, 77499 అని ఉంటాయి. నీలి వెలుగుని మింగేస్తాయి కనకే మొదటి రెండూ ఎరుపుగా, పసుపుగా కనిపిస్తాయి. 2014లో మెక్సికోలో మంగు ఉన్నవారిని రెండు జట్లు చేసి, అందరికీ హైడ్రోక్వినోన్ మందు ఇచ్చి, ఒక జట్టుకి మామూలు సన్‌స్క్రీన్, ఇంకో జట్టుకి ఐరన్ ఆక్సైడు కలిపినది ఇచ్చారు. ఎనిమిది వారాలకి రెండో జట్టు ఎక్కువ బాగుపడింది.

లేబులు చదవడంలో కొన్ని మెలికలున్నాయి. ఇక్కడి హైపర్‌మార్కెట్లలో అమెరికా సరుకు, యూరపు సరుకు, మన దేశపు సరుకు పక్కపక్కనే ఉంటాయి. అమెరికా ట్యూబు మీద జింక్, టైటానియం శాతాలు రాసితీరాలి, ఒక్కొక్కదానికి 25 శాతం గరిష్ఠ హద్దు. యూరపు డబ్బా శాతం చెప్పదు, కాని నానో రేణువులుంటే ఆ మాట పక్కన రాస్తుంది. ఐరన్ ఆక్సైడుని అమెరికాలో ‘పనిచేయని’ పదార్థాల జాబితాలో పడేస్తారు, ఎంత ఉందో ఎవరూ చెప్పరు. కనక రంగు చూసే అంచనా వేసుకోవాలి. వేలిమీద వేస్తే లేత గులాబీ ఛాయ వచ్చేదానిలో పేరుకి మాత్రమే ఉన్నట్టు. అదే జాబితాలో బ్యూటిలాక్టైల్ శాలిసిలేట్ కనిపిస్తే గమనించండి. ‘నూటికి నూరు మినరల్’ అని ముందు రాసి, రసాయన ఫిల్టరుకి దగ్గరి చుట్టాన్ని వెనకనుంచి తెచ్చిపెట్టారన్నమాట. హాని అని కాదు, ముందు రాసిన మాట ఒకటి, లోపల ఉన్నది ఒకటి.

ఒకే రంగులో వచ్చే ‘అందరికీ సరిపడే’ ట్యూబు మనకి సరిపడదు. తెల్లవాళ్ళ ముఖాన్ని ఊహించుకుని కలిపిన రంగది, మన చర్మం మీద బూడిద రంగుకి తిరుగుతుంది. మూడు నాలుగు ఛాయల్లో దొరికేది చూసి, పట్టపగటి వెలుగులో దవడ మీద రాసి చూసుకోండి. పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూస్తారు, మనం పూసేది అందులో సగం కూడా ఉండదు. రెండు వేళ్ళ పొడవున పిండుకుంటే ముఖానికీ మెడకీ సరిపోతుంది. మస్కట్ ఉక్కకి చెమట పడితే రెండు గంటలకోసారి మళ్ళీ. కారులో వెళ్తున్నాం కదా అనుకోవద్దు, పక్క అద్దాలు యు.వి.ఏ.ని చాలావరకు రానిస్తాయి, వెలుగు సంగతి చెప్పనే అక్కరలేదు.

మంగు గర్భంతోనూ, కొన్ని హార్మోను మాత్రలతోనూ కూడా వస్తుంది కనక చర్మవైద్యుడికి చూపించడం తప్పదు. ఊరినుంచి ఎవరో తెచ్చిచ్చే ‘తెల్లబడే’ క్రీముల్లో స్టిరాయిడ్లు ఉండే అవకాశం ఉంది, మానేశాక ముఖం ఇంకా పాడవుతుంది.

తుప్పు తుప్పే కనక చొక్కా కాలరుకి అంటుకుంటుంది. బ్లీచు వేస్తే పోదు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో ముందు జిడ్డు వదలగొట్టి, ఆ తర్వాత మెషీన్లో వేస్తే చాలావరకు పోతోంది.